పేరు ఒకటే, క్లాసులు రెండు: టామ్‌క్యాట్‌లో పీజీఆబ్జెక్ట్ క్యాస్ట్ ఎర్రర్

జావా వెబ్ యాప్‌లను నడిపే సర్వర్ టామ్‌క్యాట్‌లో పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ జేసన్‌బీ (జేసన్ డేటా దాచే రకం) కాలమ్ చదువుతుంటే "పీజీఆబ్జెక్ట్‌ను పీజీఆబ్జెక్ట్‌గా క్యాస్ట్ చేయడం కుదరదు" అని ఎర్రర్ వస్తోందని, పోస్ట్‌గ్రెస్ డ్రైవర్ జార్ (డేటాబేస్‌తో మాట్లాడే కోడ్ ఉన్న ఫైల్) టామ్‌క్యాట్‌లోనూ యాప్‌లోనూ ఒకే వెర్షన్ అని మీరు రాశారు. పీజీఆబ్జెక్ట్ అంటే అలాంటి కాలమ్ విలువను పట్టుకునే డ్రైవర్ క్లాస్, క్యాస్ట్ అంటే ఒక ఆబ్జెక్ట్‌ను ఫలానా క్లాస్‌దిగా తీసుకోవడం. అచ్చం ఇదే నాకూ వచ్చింది. రెండు రోజులు వెర్షన్లు మార్చి మార్చి చూశాను, చాలా టెన్షన్ పడ్డాను. దీనికి వెర్షన్‌తో సంబంధం లేదండి.

జావాలో పేరు కలిస్తే సరిపోదు, రెండింటినీ ఒకే క్లాస్‌లోడర్ (క్లాసులను మెమరీలోకి తెచ్చే భాగం) లోడ్ చేసి ఉండాలి. మా కనెక్షన్ పూల్‌ను (మళ్లీ మళ్లీ వాడుకునే డేటాబేస్ కనెక్షన్ల గుంపును) టామ్‌క్యాటే తయారుచేసేది, అందుకని డ్రైవర్ దాని లిబ్ ఫోల్డర్‌లో ఉండేది. వార్ (మన యాప్‌ను ప్యాక్ చేసిన ఫైల్) లోపల వెబ్-ఇన్ఫ్ లిబ్ ఫోల్డర్‌లో ఇంకో కాపీ. డేటాబేస్ నుంచి వచ్చే ఆబ్జెక్ట్ మొదటి కాపీది, మన కోడ్ చూసే క్లాస్ రెండోదాంట్లోది. మామూలుగా లోడర్ ముందు పేరెంట్‌ను, అంటే తన పైనున్న లోడర్‌ను అడుగుతుంది. టామ్‌క్యాట్ వెబ్ యాప్ లోడర్ మాత్రం జావా సొంత క్లాసులు, సర్వ్‌లెట్ ఏపీఐ వంటివి తప్ప మిగతావి ముందు తన దగ్గరే వెతుక్కుంటుంది.

ఏ క్లాస్ ఏ జార్ నుంచి వచ్చిందో ముందు నిర్ధారించుకోండి. వచ్చిన ఆబ్జెక్ట్ క్లాస్ మీద, మీ కోడ్‌లోని పీజీఆబ్జెక్ట్ క్లాస్ మీద గెట్‌ప్రొటెక్షన్‌డొమైన్, గెట్‌కోడ్‌సోర్స్, గెట్‌లొకేషన్ వరుసగా పిలిచి లాగ్‌లో రాయించండి. రెండు వేర్వేరు జార్ దారులు కనిపిస్తే దొంగ దొరికినట్టే. జేడీకే 11 నుంచి ఎర్రర్ మెసేజ్‌లోనే లోడర్ల పేర్లు ఉంటాయి, దాన్ని చివరిదాకా చదవండి.

పామ్ ఫైల్లో (బిల్డ్ టూల్ మావెన్‌కు ఏ లైబ్రరీలు కావాలో చెప్పే ఫైల్) డ్రైవర్ లైను తీసేస్తే పోతుందనుకున్నాను, పోలేదు. మేం వాడే ఇంకో లైబ్రరీ దాన్ని మళ్లీ వెంట తెచ్చింది. ఏ లైబ్రరీ దేన్ని తెస్తుందో చూపే మావెన్ డిపెండెన్సీ ట్రీ చూస్తే గానీ తెలియలేదు. చివరికి డ్రైవర్‌ను మా పామ్‌లోనే ప్రొవైడెడ్ స్కోప్‌తో (సర్వర్ దగ్గర ఉంది, ప్యాక్ చేయొద్దు అని) రాశాం, అప్పుడు వార్‌లోకి రావడం ఆగింది. బిల్డ్ అయ్యాక వార్ విప్పి కళ్లతో చూసుకోండి.

కాంటెక్స్ట్ ఫైల్లో (టామ్‌క్యాట్‌లో యాప్ సెట్టింగ్‌ల ఫైల్) లోడర్‌కు డెలిగేట్ ట్రూ, అంటే ముందు పేరెంట్‌నే అడగమని పెట్టమని కొందరు చెబుతారు. ఈ ఎర్రర్ పోతుంది నిజమే, కానీ టామ్‌క్యాట్ లిబ్‌లో పాత జార్ ఏదైనా పడి ఉంటే ఇక మీ యాప్‌కు అదే దొరుకుతుంది, నోసచ్‌మెథడ్ (పిలిచిన మెథడ్ అందులో లేదనే) ఎర్రర్లు మొదలవుతాయి. నేనైతే వద్దంటాను.

మీ పూల్ టామ్‌క్యాట్‌ది కాకుండా యాప్ లోపలే ఉంటే కథ వేరు, అప్పుడు డ్రైవర్ వార్‌లోనే ఉండాలి. పూల్ ఎక్కడ పెట్టారో, లాగ్‌లో ఏ దారులు వచ్చాయో రాయండి, చూద్దాం.