హోటల్ భోజనం మానకుండానే ఎనిమిది కిలోలు తగ్గాను

మీది మార్కెటింగ్ ఉద్యోగమని, వారంలో ఐదు రోజులు హోటల్ తిండేనని, కేలరీలు ఎలా చూసుకోవాలో, ఫ్రెండ్స్‌తో బిర్యానీకి వెళ్తే ఏం చేయాలో చెప్పమని అడిగారు. నాదీ అదే పరిస్థితి కాబట్టి రాస్తున్నాను.

విత్తనాల కంపెనీలో ఫీల్డ్ ఉద్యోగం నాది. గుంటూరు నుంచి నరసరావుపేట, వినుకొండ, మాచర్ల తిరుగుతుంటాను. పన్నెండేళ్లుగా మధ్యాహ్నం భోజనం బయటే. రెండేళ్ల కిందట, రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే హెచ్‌బీఏ1సీ రక్తపరీక్షలో 6.2 వచ్చింది. 5.7 నుంచి 6.4 మధ్య ఉంటే షుగర్ గడప దాకా వచ్చినట్టే. అప్పుడు 86 కిలోలున్నాను. షుగర్ ముదిరి మా నాన్నకు కాలి వేలు తీసేసిన రోజులు కళ్ల ముందు కదిలాయి. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

ముందు పూరీ, మసాలా దోసె మానేశాను. నెల గడిచినా కిలో కూడా తగ్గలేదు. ఒకరోజు మామూలుగా తినే హోటల్ నుంచి మీల్స్ పార్సిల్ ఇంటికి తెచ్చి, వంటింటి కాటా మీద తూచాను. అన్నమే 600 గ్రాములుంది! వంద గ్రాముల అన్నానికి దాదాపు 130 కేలరీలు, అంటే అన్నంతోనే 780. హోటల్లో కూర్చుంటే దీని మీద మారు వడ్డన కూడా ఉండేది. తర్వాత నెయ్యి. సర్వర్ పప్పులో వేసేంత గిన్నెలో పోసి తూస్తే 15 గ్రాములు. గ్రాముకు 9 కేలరీల చొప్పున 135. అప్పుడు అర్థమైంది, నేను ఏ ఐటమ్ తింటున్నానా అని చూస్తున్నాను కానీ, విస్తట్లో ఎంత పడుతోందో చూడట్లేదు.

మర్నాడు వినుకొండలో భోజనానికి కూర్చోగానే సర్వర్‌తో, "బాబాయ్, అన్నం ఒక్కసారే పెట్టు, మళ్లీ అడిగినా పెట్టొద్దు. నెయ్యి వద్దు. పప్పు, కూర మాత్రం ఇంకో కప్పు కావాలి" అన్నాను. "అన్నం లేకుండా కడుపెట్టా నిండుద్ది సార్?" అని ఆయన బాధపడ్డాడు. నాలుగు వారాలయ్యేసరికి నేను చెప్పక్కర్లేకుండా రెండు కప్పుల పప్పు, పెద్ద గ్లాసు మజ్జిగ తెచ్చి పెట్టేవాడు. ఫుల్ మీల్స్ అంటే అన్నం ఒక్కటే అన్‌లిమిటెడ్ కాదు, పప్పు, సాంబారు, కూర కూడా అడగొచ్చు. మనమే అడగం. నేను ముందు సగం పప్పు, కూర ఉత్తగా తినేసి, తర్వాత అన్నం కలుపుకుంటాను. వేపుడు కప్పు కాస్త వంచి చూడండి, నూనె ఎంత కిందికి దిగుతుందో తెలిసిపోతుంది. అలా దిగితే నేను పులుసు కూర అడుగుతాను. గోంగూర, ఆవకాయ వదులుకోలేను, వేలితో నాకేంత వేసుకుంటాను.

టిఫిన్ విషయానికొస్తే, ఇడ్లీతో భయం లేదు. దాని మీద పోసే నెయ్యి, పక్కనుండే పల్లీ చట్నీతోనే చిక్కు. పల్లీలు వంద గ్రాములకు 560 కేలరీలకు పైనే. చట్నీ సగం చేసి సాంబారు పోయించుకోండి. పెసరట్టు మంచిదే, ఉప్మా లేకుండా, నూనె తగ్గించి కాల్చమని పెనం దగ్గరే చెప్పాలి.

కేలరీల అంకెలు మెనూ మీద వేయాలన్న ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (కేంద్ర ఆహార భద్రతా సంస్థ) నిబంధన పది, అంతకంటే ఎక్కువ శాఖలున్న హోటళ్లకు ఉంది. అలాంటి చోట తప్పకుండా చూడండి. మన బస్టాండ్ మెస్సులో అవి ఉండవు. ఫోన్ యాప్‌లో చికెన్ బిర్యానీ అని కొడితే వచ్చే అంకెనూ నేను నమ్మను, ఒక్కో వంటవాడు ఒక్కోలా నూనె పోస్తాడు. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో వేసిన ఆహార పట్టికలున్నాయి. వాటిలో ఎక్కువగా ముడి దినుసుల లెక్కలే ఉన్నా, దేంట్లో ఎంత ప్రోటీన్, ఎంత కొవ్వు ఉందో ఒక అవగాహన వస్తుంది. ఇంట్లో నాలుగు రోజులు అన్నం తూచి తింటే, ఆ తర్వాత కన్నే చెప్పేస్తుంది.

బిర్యానీ నేను మానలేదు. నెలకు రెండుసార్లు, ఒక సింగిల్ ఇద్దరం పంచుకుని, పక్కన తందూరీ చికెన్ చెప్తాం. చికెన్ 65 వద్దు, అది నూనెలో వేగిందే. పెరుగు చట్నీ ఎంతైనా తింటాను. కూల్‌డ్రింక్ మాత్రం పూర్తిగా ఆపేశాను, 300 మిల్లీలీటర్లలో సుమారు 30 గ్రాముల చక్కెర ఉంటుంది.

మీరు అడగలేదు గానీ, టీలు కూడా లెక్కపెట్టండి. డీలర్ షాపుకెళ్తే టీ వద్దనలేం, వద్దంటే నొచ్చుకుంటారు. రోజుకు ఐదు టీలు, ఒక్కోదాంట్లో రెండు చెంచాల చక్కెర అంటే 50 గ్రాములు, 200 కేలరీలు. ఇప్పుడు అందరి దగ్గరా "వన్ బై టూ చెప్పండన్నా" అంటాను. ఎవరూ ఏమీ అనుకోలేదు.

తొమ్మిది నెలల్లో 78కి వచ్చాను, హెచ్‌బీఏ1సీ 5.6. సాయంత్రం అరగంట నడక కూడా ఉంది, అది దాచకూడదు.

మీరు ఇప్పటికే షుగర్ మాత్రలో ఇన్సులినో వాడుతుంటే మాత్రం అన్నం ఒక్కసారిగా తగ్గించొద్దు. డోసు అలాగే ఉంచి తిండి తగ్గిస్తే షుగర్ పడిపోయి, చెమటలు పట్టి కళ్లు తిరగొచ్చు. ముందు డాక్టర్‌కు చెప్పి డోసు సరిచేయించుకోండి.