2020 టూర్ ద ఫ్రాన్స్ చేజారాక రోగ్లిచ్ మళ్లీ ఎలా నిలదొక్కుకున్నాడు?

మూడు వారాల సైకిల్ రేసులో ప్రత్యర్థులపై సెకన్ల ఆధిక్యాన్ని పోగేసుకోవడమే స్లొవేనియా సైక్లిస్ట్ ప్రిమోజ్ రోగ్లిచ్ పద్ధతి. కొండ మీద ఆయన జట్టు వేగం పెంచి ప్రత్యర్థులను అలసిపోయేలా చేస్తుంది. ఆయన చివరి కొన్ని వందల మీటర్లలో ముందుకు దూకి బోనస్ సెకన్లు (ముందు చేరినవారి మొత్తం సమయంలోంచి తగ్గించేవి) పట్టేస్తాడు. 2020 టూర్‌లో అలా 57 సెకన్ల ఆధిక్యంతో చివరి టైమ్ ట్రయల్‌కి (ఒక్కొక్కరూ విడిగా గడియారంతో పోటీపడే రేసుకి) వచ్చాడు. ఆ ఒక్కరోజే తన దేశానికే చెందిన ప్రత్యర్థి తాదెయ్ పొగాచర్ చేతిలో 1 నిమిషం 56 సెకన్లు పోగొట్టుకున్నాడు. అయినా కొద్ది వారాలకే స్పెయిన్‌లో జరిగే మూడు వారాల రేసు వుయెల్టా ఆ ఏడాదీ గెలిచాడు.

అసలు మార్పు 2023లో ఇటలీ మూడు వారాల రేసు జిరో డిటాలియాలో కనిపిస్తుంది. మాంటె బొండోనె కొండ మీద వెనకబడ్డా కంగారుపడి ఎదురుదాడికి దిగలేదు, నష్టాన్ని 25 సెకన్లకే ఆపాడు. మాంటె లుస్సారి కొండ టైమ్ ట్రయల్‌కి ముందు ప్రత్యర్థి గెరైంట్ థామస్ మొత్తంమీద 26 సెకన్లు ముందున్నాడు. నిటారు ఎక్కుడులో రోగ్లిచ్ సైకిల్ చైన్ ఊడింది. మామూలుగా ఎవరికైనా అక్కడ టెన్షన్‌తో చేతులు వణుకుతాయి. ఆయన దిగి, చైన్ తానే ఎక్కించుకుని, వెనక నుంచి తోయించుకుని మళ్లీ అదే లయ అందుకున్నాడు. ఆ రోజు థామస్‌పై 40 సెకన్లు సాధించి, మొత్తంమీద 14 సెకన్ల తేడాతో జిరో గెలిచాడు. నా దృష్టిలో ఆయన కెరీర్‌లో అన్నిటికంటే గొప్ప రైడ్ ఇదే.