ఫ్రిజ్ కరెంటు మీద నడుస్తోంది, గ్యాస్ మీద వెలగడం లేదు: సమాధానం

ముందు బ్యాటరీ చూడండి, గ్యాస్ సంగతి తర్వాత. షోర్ పవర్ (బయటి ప్లగ్ నుంచి వచ్చే కరెంటు) మీద బాగానే చల్లబడే మీ క్యాంపింగ్ ట్రైలర్ (కారు వెనక లాక్కెళ్లే బండి ఇల్లు) ఫ్రిజ్, ప్లగ్ తీసి ప్రొపేన్ గ్యాస్‌కి మార్చగానే ఎర్ర లైటు చూపిస్తోందన్నారు కదా. గ్యాస్ మీద నడిచినా దాని కంట్రోల్ బోర్డుకీ, గ్యాస్ వాల్వుకీ, మంట అంటించే స్పార్క్‌కీ 12 వోల్టుల డీసీ కావాల్సిందే. ప్లగ్ పెట్టి ఉన్నంతసేపూ ఆ 12 వోల్టులు కన్వర్టరే (ప్లగ్ కరెంటుని 12 వోల్టుల డీసీగా మార్చే పెట్టె) ఇస్తుంది. అందుకే బ్యాటరీ పూర్తిగా పడిపోయినా బయటపడదు. చాలామంది దీన్ని వదిలేసి రెగ్యులేటర్ విప్పడం మొదలుపెడతారు, దయచేసి ఆ పని చేయకండి.

1. బ్యాటరీ డిస్‌కనెక్ట్ స్విచ్ ఆన్‌లో ఉందా చూడండి.

2. ప్లగ్ తీసి కొన్ని గంటలయ్యాక మల్టీమీటర్ పెట్టండి. లెడ్ యాసిడ్ బ్యాటరీ నిండుగా ఉంటే 12.6 దగ్గర చూపిస్తుంది. 12 కన్నా తక్కువుంటే ముందు ఛార్జ్ చేయండి.

3. సిలిండర్ వాల్వు చాలా మెల్లగా తెరవండి. ఒక్కసారిగా తిప్పితే లోపలి సేఫ్టీ వాల్వు దాన్ని లీకుగా భావించి గ్యాస్‌ని బిగబట్టేస్తుంది. అలా అయితే కట్టేసి, కాసేపాగి మళ్లీ తెరవండి.

4. స్టవ్ వెలిగించండి. పైపులో గాలి పోయి నీలి మంట నిలకడగా వచ్చాకే ఫ్రిజ్‌ని గ్యాస్‌కి మార్చండి. స్పార్క్ టిక్‌టిక్ శబ్దం తర్వాత, ట్రైలర్ బయట ఫ్రిజ్ వెనకుండే మూత దగ్గర మంట సన్నటి హోరు వినిపించాలి. వెలగకపోతే ఆఫ్ చేసి రెండు మూడుసార్లు ప్రయత్నించండి.

గ్యాస్ వాసన వస్తే మాత్రం ఏ స్విచ్చూ ముట్టుకోకుండా బయటికొచ్చి సిలిండర్ కట్టేయండి.