నాన్నగారి ఫియట్‌కు ఏడున్నర లక్షలు: ఎంతవరకు పెట్టవచ్చు?

గుంటూరు నుంచి ఒక పాఠకుడు రాసిన ఉత్తరం సారాంశం ఇది. వయసు 46, ప్రైవేటు ఉద్యోగం. నెలకు చేతికి 82,000 వస్తాయి. ఇంటి లోను కిస్తీ 24,500, ఇంటి ఖర్చు సుమారు 38,000. బ్యాంకులో 6 లక్షల ఎఫ్‌డీ, కూతురి చదువు కోసం మ్యూచువల్ ఫండ్లలో 7 లక్షలు ఉన్నాయి. అమ్మాయి ఇంటర్ రెండో సంవత్సరం. నాన్నగారు వాడిన 1978 నాటి ప్రీమియర్ పద్మిని, అందరూ ఫియట్ అని పిలిచే కారు, షెడ్డులో ఉంది. ఆయన పోయి రెండేళ్లయింది. విజయవాడ ఆటోనగర్‌లో ఒక మేస్త్రి ఏడున్నర లక్షల అంచనా ఇచ్చారు. అందులో ఇంజన్ మార్పు, వెడల్పు మడ్‌గార్డులు, చేత్తో చేసిన గ్రిల్లు, బంపర్లు, టేకు డాష్‌బోర్డు ఉన్నాయి. ఎఫ్‌డీలోంచి 4 లక్షలు తీసి, మిగతా మూడున్నర లక్షలకు పర్సనల్ లోను తీసుకోవాలని ఈయన ఆలోచన. "తర్వాత 15 లక్షలకు అమ్ముకోవచ్చు, ఇది పెట్టుబడే కదా? మా బాబాయి మాత్రం తుక్కుకిచ్చెయ్యమంటున్నారు" అని అడిగారు.

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. కారు బాగు చేయించుకోండి. అయితే దీన్ని పెట్టుబడి అనుకోవద్దు. చేత్తో చేయించే ప్రతి ముక్క మీద పెట్టే డబ్బు తిరిగి రాదనుకునే పెట్టండి. అలా అనుకుంటే ఎంత పెట్టాలో, ఎప్పుడు పెట్టాలో తేల్చుకోవడం తేలికవుతుంది.

మీరు చెప్పిన 15 లక్షలు నిజంగానే వచ్చాయనుకుందాం. ఎనిమిదేళ్ల తర్వాత అమ్మారు. ఈ ఎనిమిదేళ్లూ బ్యాటరీ, టైర్లు, ఇన్సూరెన్సు, చిన్నా చితకా పనులకు ఏడాదికి 25,000 చొప్పున 2 లక్షలు పోతాయి. చేతికి మిగిలేది 13 లక్షలు. అదే ఏడున్నర లక్షలు 7 శాతం వడ్డీకి ఎనిమిదేళ్లు బ్యాంకులో ఉంటే దాదాపు 13 లక్షలే అవుతాయి. వడ్డీ మీద పన్ను పడుతుంది, నిజమే. సొంతానికి వాడుకునే కారు అమ్మితే వచ్చే లాభం మీద క్యాపిటల్ గెయిన్స్ పన్ను ఉండదు, అదీ నిజమే. కానీ నష్టం వస్తే దాన్ని పన్ను లెక్కలో దేనిలోనూ సర్దుకోలేరు. ఇంకా మీ లోను వడ్డీ ఈ లెక్కలో కలపలేదు. మూడున్నర లక్షలు 14 శాతానికి నాలుగేళ్లకు తీసుకుంటే నెల కిస్తీ సుమారు 9,560, మొత్తం వడ్డీ లక్షా తొమ్మిది వేల దాకా అవుతుంది. అంటే 15 లక్షలు వచ్చినా మీరు వెనకబడే ఉంటారు. పైగా ఆ 15 లక్షలు మీరు ఎక్కడ విన్నారు? అమ్మేవాళ్లు అడుగుతున్న ధర వేరు, కొనేవాడు నిజంగా లెక్కపెట్టి ఇచ్చిన ధర వేరు. రెండోది తెలిసే దాకా ఆ అంకె మీద ఆశ పెట్టుకోకండి.

చేతిపనికి బజారులో విలువ రాదని నేననడం లేదు. హైదరాబాదు చౌమహల్లా ప్యాలెస్‌లో నిజాం వారి పసుపు రంగు రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్ ఉంది, 1912 నాటిది. ఆ రోజుల్లో కంపెనీ ఛాసిస్ (కింది చట్రం), ఇంజన్ ఇచ్చేది, బాడీ విడిగా కట్టించుకోవాలి. ఆ కారు బాడీని లండన్‌లో బార్కర్ వాళ్లు చేత్తో కట్టారు. ఎవరు కట్టారు, ఎవరి కోసం కట్టారు అన్నది ఈ రోజుకీ తెలుసు. దానికి విలువ తెచ్చింది ఆ పనితనం ఒక్కటే కాదు, ఆ చరిత్ర కూడా. మన ఆటోనగర్ మేస్త్రి చేతిలోనూ అంత నేర్పు ఉండొచ్చు. నేను కళ్లారా చూశాను కూడా, ఇసుక సంచి మీద రేకు పెట్టి సుత్తితో కొడుతూ గంటన్నరలో మడ్‌గార్డు వంపు తెచ్చిన మనిషిని. కానీ పాత పద్మిని కోసం వెతికేవాడు కంపెనీ నుంచి వచ్చిన రూపమే కావాలంటాడు. మీకు నచ్చిన వెడల్పు మడ్‌గార్డు అతనికి తీసెయ్యాల్సిన పనిలా కనబడుతుంది.

ఇక మీ అంచనా కాగితం. ఫ్లోర్, తుప్పు, టింకరింగ్, పెయింటు కలిపి 2,10,000. ఇంజన్ మార్పు 1,60,000. మడ్‌గార్డులు 90,000. గ్రిల్లు, బంపర్లు, లైటు రింగులు, వాటి క్రోమ్ పూత 1,30,000. టేకు పని 60,000. సీట్లు 70,000. బ్రేకులు, వైరింగ్, సస్పెన్షన్ అన్నీ కలిపి 30,000. ఇది చూసి నాకు భయమేసింది. 47 ఏళ్లకు పైబడిన బండిలో మీ కూతుర్ని కూర్చోబెట్టుకుని తిప్పుతారు కదా, అన్నిటికన్నా తక్కువ డబ్బు బ్రేకులకా?

ఇంజన్ మార్పు, మడ్‌గార్డులు రెండూ తీసెయ్యండి. ఇందులో నా ఇష్టాయిష్టాల కన్నా చట్టం ముఖ్యం. ఆర్‌సీలో ఉన్న వివరాలకు, కంపెనీ ఇచ్చిన తీరుకు భిన్నంగా బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 చెబుతుంది. 2019లో సుప్రీంకోర్టు కూడా ఆ మాటే గట్టిగా చెప్పింది. అనుమతి లేని ప్రతి మార్పుకు 5,000 జరిమానా, ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ పడవచ్చు. ఇంజన్ మార్చాలంటే ముందే ఆర్‌టీవో ఆఫీసు అనుమతి ఉండాలి. ప్రమాదం జరిగితే ఇన్సూరెన్సు కంపెనీ మొదట పట్టుకునేది కూడా ఇదే. ఇంకొక సంగతి ఉంది. మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటిన కార్లకు వింటేజ్ రిజిస్ట్రేషన్ ఇచ్చే నిబంధనలు 2021 జులైలో వచ్చాయి. కొత్త రిజిస్ట్రేషన్ ఫీజు 20,000, పదేళ్లు చెల్లుతుంది. మీ బండికి 2028లో ఆ అర్హత వస్తుంది, కానీ ఛాసిస్, బాడీ, ఇంజన్ పెద్దగా మారకుండా ఉండాలి. ఇప్పుడు రెండున్నర లక్షలు పెట్టి ఆ అవకాశం పోగొట్టుకోవడం ఎందుకు? వింటేజ్ నంబరుతో రోజూ తిరగడానికి వీల్లేదు, ప్రదర్శనలకు, ర్యాలీలకు, రిపేరుకే. ఆదివారం సూర్యలంక దాకా వెళ్లి రావడానికి మామూలు ఆర్‌సీ చాలు. అయినా ఆ దారి తెరిచే ఉంచుకోండి.

గ్రిల్లు, బంపర్లు, లైటు రింగులు పాతవాటి కొలతకే చేయిస్తే ఇబ్బంది లేదు. టేకు పలకను కూడా ఇనప డాష్‌బోర్డుకు రంధ్రాలు పెట్టకుండా పైన బిగించేలా చేయించండి. తీసిన ప్రతి పాత ముక్కా, విరిగినదైనా సరే, పెట్టెలో పెట్టి ఇంటికి తెచ్చుకోండి. అదే రేపటికి నమూనా.

ఆర్‌సీ ఇంకా నాన్నగారి పేరునే ఉందని రాశారు. ఒక్క రూపాయి ఖర్చుపెట్టే ముందు ఆ పని చూడండి. యజమాని చనిపోతే 30 రోజుల్లో ఆర్‌టీవో ఆఫీసుకు తెలియజేసి, మూడు నెలల్లో బండిని వారసుడి పేరుకు మార్చమని ఫారం 31 ఇవ్వాలి. మీకు ఆలస్యమైంది, అయినా ఇక వాయిదా వేయొద్దు. రెన్యువల్ గడువు దాటి ఉంటే నెలకు 500 చొప్పున అదనం, ఫిట్‌నెస్, గ్రీన్ ట్యాక్స్ అన్నీ ఉంటాయి. 20 ఏళ్లు దాటిన కార్లకు రెన్యువల్ ఫీజును 2025లో 10,000 చేశారు. మొత్తం ఎంతవుతుందో ఆర్‌టీవో ఆఫీసులో కాగితం మీద రాయించుకోండి. టింకరింగ్ చేసేటప్పుడు ఛాసిస్ నంబరు ఉన్నచోట గ్రైండర్ పెట్టనివ్వకండి. అది చెరిగితే బండి మీదేనని రుజువు చేసుకోవడానికి తిరగాల్సి వస్తుంది.

ఇప్పుడు డబ్బు సంగతి. మీ ఇంటికి నెలకు 62,500 కావాలి. ఆరు నెలలకు 3,75,000. ఎఫ్‌డీలో ఈ మొత్తం కదలకూడదు. ఉద్యోగం పోయినా, ఆసుపత్రి అవసరం పడినా మీకున్న ఆధారం అదొక్కటే. మిగిలేది 2,25,000. మీకు ఆఫీసు ఇచ్చే 3 లక్షల హెల్త్ కవరు తప్ప వేరే పాలసీ లేదు, టర్మ్ ఇన్సూరెన్సూ లేదు. ఇంటి లోను, చదువుకునే పిల్ల ఉన్న మనిషికి ఇది చాలా పెద్ద లోటు. ఈ రెండింటి మొదటి ఏడాది ప్రీమియాలకు 50,000 పక్కన పెట్టండి. కారుకు ఇప్పుడు మిగిలేది 1,75,000. అమ్మాయి ఫండ్లలోని 7 లక్షలను ముట్టుకోకండి. ఎఫ్‌డీని మధ్యలో తీస్తే వడ్డీ కొంత తగ్గిస్తారు కాబట్టి కొంత భాగం మాత్రమే తీసే వీలుందేమో బ్యాంకులో అడగండి.

నెలకు మీకు మిగిలేది 19,500. అందులో 10,000 కారుకు, 9,500 అమ్మాయి ఇంజనీరింగ్ ఖర్చుకు. పర్సనల్ లోను వద్దు. తీసుకుంటే ఈ 10,000 మొత్తం కిస్తీకే పోతుంది, అందులో వడ్డీకి వెళ్లే డబ్బుతో మీ గ్రిల్లు, బంపర్ల పని చాలావరకు అయిపోతుంది.

మొదటి దశలో ఫ్లోర్, టింకరింగ్‌కు 80,000, ఉన్న 1,089 సీసీ ఇంజన్‌నే బోరు చేయించి బాగుచేయడానికి 50,000, బ్రేకులు, వైరింగ్, సస్పెన్షన్‌కు 45,000. ఇప్పుడు పెట్రోలులో 20 శాతం ఇథనాల్ కలుస్తోంది కాబట్టి పాత రబ్బరు పైపులు, కార్బురేటర్ గాస్కెట్లు అందుకు తట్టుకునేవి వేయించండి, దీనికి పెద్దగా ఖర్చు కాదు. అంచనా మీద పాతిక శాతం పెరుగుతుందనుకోండి, అంటే 44,000. అది మీ నెలవారీ పదివేలలోంచి నాలుగైదు నెలల్లో సర్దుకుంటుంది. మిగతావి, అంటే క్రోమ్ ముక్కలు 1,30,000, పెయింటు 1,30,000, టేకు 60,000, సీట్లు 70,000, కలిపి 3,90,000. నెలకు పదివేలంటే మూడేళ్ల పైమాటే. ఆలస్యమని మీకు బాధగా ఉంటుంది. కానీ మొదటి దశ అయ్యాక కారు రోడ్డు మీద తిరుగుతుంది, పాత రంగుతోనే అయినా.

ఈ పనుల్లో అంచనాలు ఎందుకు తప్పుతాయో చెప్పాలి. తుప్పు రంగు కింద ఉంటుంది. లోపల రేకు తినేసినా పైన లప్పం పెట్టి రంగు కొడితే నున్నగా కనిపిస్తుంది. ఒక చిన్న అయస్కాంతం తీసుకెళ్లి తలుపుల కింది అంచులకు, డిక్కీ నేలకు పెట్టి చూడండి. పట్టకపోతే అక్కడ రేకు బదులు లప్పమే ఉన్నట్టు. అందుకే మొదట సీట్లు, కార్పెట్లు, రంగు విప్పించే పనికి మాత్రం విడిగా డబ్బిచ్చి, అన్నీ కనిపించాక అసలు అంచనా రాయించుకోండి. తుప్పు పని ఎంత ఉందో మేస్త్రికి కూడా ముందు తెలియదు కాబట్టి దానికి రోజుకూలి, వారానికి ఇంతకు మించకూడదన్న హద్దుతో. గ్రిల్లు, బంపర్ల వంటి కొలత తెలిసిన పని గుత్తకు.

ముందే మొత్తం డబ్బు ఇవ్వకండి. మా నాన్నగారి విజయ్ సూపర్ స్కూటర్‌కు నేను ఆ పొరపాటు చేశాను. ఒక షెడ్డులో అడ్వాన్సుగా అంతా ఇచ్చేశాను. పధ్నాలుగు నెలలు తిరిగి తెచ్చుకుంటే అసలు హెడ్‌లైటు రింగు, స్పీడోమీటరు లేవు. ఆ రింగు మీద నాన్న చేత్తో తుడిచిన గుర్తు నాకిప్పటికీ కళ్ల ముందుంది. డబ్బు పోయినందుకు కాదు, దానికి ఏడ్చాను. మీరు విప్పిన ప్రతి భాగానికీ ఫొటో తీసి, జాబితా మీద మేస్త్రి సంతకం తీసుకోండి. పనిలో నాలుగో వంతు అయినప్పుడల్లా నాలుగో వంతు డబ్బు, చివరి వంతు బండి నడిపి చూశాక.

చేత్తో చేసే ముక్కలో ఖర్చంతా మొదటిదాని మీదే పడుతుంది. నమూనా కొట్టడం, ఇసుకలో అచ్చు తీయడం, కొలతలు సరిచూడడం. రెండో ముక్కకు ఆ శ్రమ ఉండదు. మీలాగే పద్మిని ఉన్నవాళ్లు మరో ఇద్దరు దొరికితే లైటు రింగులు మూడు జతలు ఒకేసారి చేయించుకుని అచ్చు ఖర్చు పంచుకోండి. అచ్చు ఎవరిదన్నది ముందే మాట్లాడుకోండి. చేయించే ముందు సికింద్రాబాద్ రాణీగంజ్‌లో, చెన్నై పుదుపేటలో పాత ముక్క దొరుకుతుందేమో చూడండి. దొరికితే చేయించే దానికన్నా అదే మేలు. క్రోమ్ ముక్కలను రంగు కొట్టక ముందే ఒకసారి బండికి బిగించి చూడాలి. చేత్తో చేసింది ఒక్కసారికి సరిగ్గా కూర్చోదు. తర్వాత సానపడితే కొత్త రంగు పాడవుతుంది.

ఇన్సూరెన్సులో థర్డ్ పార్టీ తప్పనిసరి. 1,000 నుంచి 1,500 సీసీ కార్లకు 2022లో నిర్ణయించిన రేటు ఏడాదికి 3,416, పైన జీఎస్టీ. సొంత నష్టానికి కూడా కవరు తీసుకుంటే, ఐదేళ్లు దాటిన బండికి విలువ ఎంతన్నది మీరూ కంపెనీ మాట్లాడుకుని ఒప్పుకోవాలి. అక్కడ మీకు పనికొచ్చేవి బిల్లులు, ఫొటోలే. షెడ్డులో ఉన్నన్ని రోజులూ అగ్నిప్రమాదం, దొంగతనం ఆ పాలసీ కిందికి వస్తాయో లేదో రాతపూర్వకంగా అడగండి.

మీ బాబాయిగారికి నా మాటగా చెప్పండి. ఈ కారు బరువు 900 కిలోలకు దగ్గర. తుక్కు కింద పాతిక ముప్పై వేలు రావచ్చు, కొత్త కారు కొంటే రోడ్డు ట్యాక్సులో కొంత రాయితీ దొరుకుతుంది. మీరిప్పుడు కొత్త కారు కొనడం లేదు. ఆ పాతిక వేల కోసం ఈ బండిని పంపాల్సిన అవసరం మీ ఇంటికి లేదు.

ఈ నెలలో ఆర్‌సీ, హెల్త్ పాలసీ, టర్మ్ పాలసీ పూర్తి చేసుకోండి. వచ్చే నెల ఫ్లోర్ విప్పించండి. విప్పాక తీసిన ఫొటోలు, కొత్త అంచనా నాకు పంపండి. పాతిక శాతం చాలుతుందో, పెయింటు ఇంకో ఏడాది జరపాలో అప్పుడు కూర్చుని లెక్క వేద్దాం.