చైర్ అంటే కుర్చీ ఒక్కటే కాదు

మొన్న కొత్తగా వచ్చిన ఒకబ్బాయి ఫోన్ చేసి, అన్నా రేపు నన్ను మీటింగ్ చైర్ చెయ్యమన్నారు, అంటే నేనేం చెయ్యాలి అని అడిగాడు. చదువంతా ఇంగ్లీష్ మీడియమే, చైర్ అంటే కుర్చీ అని చిన్నప్పట్నుంచీ తెలుసు, అదే మాట క్రియగా వచ్చేసరికి ఆగిపోయాడు. మీటింగ్ నువ్వే నడిపించాలి అని చెప్పాను. కానీ ఈ ఇబ్బంది వాడొక్కడిది కాదు, అందుకే కాస్త వివరంగా రాస్తున్నా.

మనకి మాటలు తెలీక కాదండీ ఇది. తెలుగులో మాట్లాడేటప్పుడు ఏ ఇంగ్లీష్ మాట తీసుకున్నా పక్కన ఒక చెయ్యి తగిలిస్తాం, బుక్ చెయ్యి, పార్క్ చెయ్యి, గూగుల్ చెయ్యి అని, దాంతో ఆ మాటలన్నీ మన బుర్రలో నామవాచకాలుగానే ఉండిపోతాయి, క్రియ పనంతా మన చెయ్యి చేసిపెడుతుంది. ఇంగ్లీష్‌లో ఆ ఆసరా ఉండదు, మాట ఒక్కటే నిలబడి అన్ని పనులూ చేస్తుంది. గూగుల్‌నే చూడండి, కంపెనీ పేరు కాస్తా క్రియ అయిపోయి 2006లో ఆక్స్‌ఫర్డ్ డిక్షనరీలోకి కూడా ఎక్కేసింది.

ఒకప్పుడు ఇంగ్లీష్ మాటలకీ మన మాటల్లాగే చివర తోకలుండేవి. వెయ్యేళ్ళ కిందటి ఇంగ్లీష్‌లో ప్రేమ అంటే లువు, ప్రేమించడం అంటే లువియన్. ఆ తోకలు అరిగిపోయి రెండూ లవ్ అయి కూర్చున్నాయి. ఇప్పుడు తేడా తెలిసేది మాట ఉన్న చోటుని బట్టే. ముందు ఎ, ద, మై లాంటివి ఉంటే నామవాచకం వస్తోందని, టు, విల్, కెన్, ప్లీజ్ ఉంటే క్రియ వస్తోందని చాలావరకు పట్టుకోవచ్చు. ఇదేం మనకి కొత్త కాదు కూడా, పట్టు పట్టాడు, కట్టు కట్టారు, ఒక్క తిట్టు తిట్టలేదు అంటే మనం తడుముకోం కదా.

బ్యాక్ అన్న ఒక్క మాట చూడండి. మై బ్యాక్ హర్ట్స్ అంటే నడుం నొప్పి, బ్యాక్ డోర్ అంటే వెనక తలుపు, కమ్ బ్యాక్ అంటే తిరిగి రా, ఐ విల్ బ్యాక్ యు అంటే నీకు అండగా ఉంటాను. అన్నిటికీ వెనక అనే అర్థం పెట్టుకుని కూర్చుంటే ఆ చివరిది చెప్పినాయన ఎంత మంచి మాట అన్నాడో మనకి తెలీకుండానే పోతుంది.

అసలు మన వాళ్ళకి ఎక్కువ దెబ్బ కొట్టేది మాత్రం ఈ మాటల అర్థాలు కావు, వాటి వెనక వచ్చే చిన్న మాటలు. రిక్వెస్ట్ నామవాచకంగా ఉన్నప్పుడు ఎ రిక్వెస్ట్ ఫర్ లీవ్ అంటారు, క్రియ అయితే ఐ రిక్వెస్టెడ్ లీవ్ అంతే, ఫర్ రాదు. ఎ విజిట్ టు లండన్ కరెక్టే, ఐ విజిటెడ్ టు లండన్ తప్పు. ఆన్సర్ కూడా అంతే, ది ఆన్సర్ టు ద క్వశ్చన్, కానీ ఆన్సర్ ద క్వశ్చన్. డిస్కషన్ అబౌట్ అనే అలవాటుతోనే మనం డిస్కస్ అబౌట్ అనేస్తాం, అక్కడ అబౌట్ అక్కర్లేదు. నేనూ ఏళ్ళ తరబడి మెయిల్స్‌లో ఇలాగే రాశాను, చదివినవాళ్ళకి విషయం అర్థమయ్యేది కాబట్టి ఎవరూ దిద్దలేదు, ఒక సీనియర్ పక్కన కూర్చోబెట్టుకుని చెప్పిన రోజున గానీ తెలీలేదు. అందుకే మీకు ముందే చెప్తున్నా.

పలకడంలో కూడా తేడా ఉంది, ఇది స్కూల్లో మనకెవరూ చెప్పలేదు. నామవాచకమైతే రెకర్డ్ అని మొదట్లో ఒత్తుతారు, క్రియ అయితే రికార్డ్ అని మాటలో రెండో భాగం మీద ఒత్తుతారు. పర్మిట్, ప్రెజెంట్, ఆబ్జెక్ట్ కూడా ఇదే దారి. మనం రెండిటినీ ఒకేలా సమానంగా పలుకుతాం కాబట్టి అవతలివాళ్ళు ఒక్క క్షణం ఆగి చూస్తారు. యూస్ నామవాచకం, యూజ్ క్రియ, రాత మాత్రం ఒకటే.

వాళ్ళు క్రియల్ని నామవాచకాలుగా కూడా వాడేస్తారు. దట్స్ ఎ బిగ్ ఆస్క్ అంటే పెద్ద కోరికే కోరావని, హావ్ ఎ లుక్ అంటే ఒకసారి చూడమని. ఇవి వింటూంటే వచ్చేస్తాయి, బట్టీ పట్టక్కర్లేదు.

ఒక్క టేబుల్ దగ్గర మాత్రం జాగ్రత్త. మీటింగ్‌లో లెట్స్ టేబుల్ దిస్ అన్నారంటే, అమెరికావాళ్ళైతే ఈ సంగతి ఇప్పటికి పక్కన పెడదామని, అదే బ్రిటన్‌వాళ్ళైతే చర్చకి పెడదామని, పూర్తిగా ఎదురెదురు అర్థాలు. రెండు దేశాలవాళ్ళూ కలిసిన కాల్‌లో ఈ మాట వినపడితే మొహమాటపడకుండా ఇప్పుడా తర్వాతా అని అడిగేయండి.