మీయందున్న క్రీస్తు: మేనకోడలికి ఉత్తరం

బంగారుతల్లీ,

ప్రభువు నామంలో వందనాలు. మొన్న ఫోన్లో "అత్తా, ప్రార్థన చేస్తుంటే గోడతో మాట్లాడుతున్నట్టుంది, క్రీస్తు నాలో ఉన్నాడంటే నమ్మకం కుదరడం లేదు" అని ఏడ్చావు. అల్లుడికి పక్షవాతం వచ్చిన ఈ మూడు నెలల్లో నువ్వెంత అలిసిపోయావో నీ గొంతులోనే తెలిసింది. ఆ పూట నాకు సరైన మాట అందలేదు, అందుకే రాస్తున్నాను.

మీ మామయ్య ఆరేళ్లు మంచంలో ఉన్నారు. రాగిజావ చెంచాతో పడితే సగం పెదవి చివర నుంచి జారి మెడ మీదికి కారేది. తుడిచి మళ్లీ పట్టేదాన్ని. ఒక రాత్రి రెండింటికి ఆయన్ని ఒత్తిగిలించి, వీపుకి పౌడర్ రాసి, మంచం కోడు పట్టుకుని కింద కూలబడిపోయాను. ప్రార్థన చేద్దామంటే మాట రాలేదు. "యేసయ్యా" అన్నాను. మళ్లీ అదే మాట, మళ్లీ అదే. ఏ వెలుగూ కనబడలేదు, ఏ స్వరమూ వినబడలేదు. కానీ నాలుగింటికి లేచి ఆయన్ని రెండో పక్కకి తిప్పినప్పుడు నాలో విసుగు లేదు. ముందు రోజు రాత్రి అదే పని పళ్లు కొరుక్కుంటూ చేశాను. ఆ ఓర్పు నాది కాదమ్మా. నా సంగతి నాకు తెలుసు.

కాబట్టి ఆయన ఉన్నాడా లేడా అని నీ మనసు ఎలా ఉందో చూసి తేల్చుకోకు. మనకి మాటలు రానప్పుడు ఆత్మ తానే మూలుగులతో మన పక్షంగా విజ్ఞాపన చేస్తాడని బైబిల్లో రోమా పత్రిక ఎనిమిదో అధ్యాయంలో ఉంది. నీకు ఒక్క పేరు పలికే ఓపిక ఉంటే ఆ పేరే పలుకు.

ఇంకో సంగతి. "మీయందున్న క్రీస్తు, మహిమ నిరీక్షణ" అని పౌలు సంకెళ్లలో ఉండి, తను ముఖం చూడని కొలొస్సయి ఊరి సంఘానికి రాశాడు. నీయందు అనలేదు చూడు, మీయందు అన్నాడు. అది గౌరవానికి వాడిన 'మీ' కాదు, సంఘమంతటినీ కలిపి అన్నది. నువ్వేమో ఇల్లు సర్దలేదని స్త్రీల కూటం వాళ్లని రావద్దన్నావట! రానివ్వు తల్లీ. ఒకరు అల్లుడి పక్కన కూర్చుంటే నువ్వు రెండు గంటలు నిద్రపో. నా నోట పాట రాని రోజుల్లో వాళ్లే మా ఇంట్లో పాడారు, నేను గోడకి చేరబడి విన్నాను. నాలో ఆయన్ని చూడలేని రోజున వాళ్లలో చూశాను.

ఒంగోలు ప్రార్థన కొండ నీకు గుర్తుండే ఉంటుంది, మీ నాన్న నిన్ను భుజాన ఎక్కించుకుని పైకి తీసుకొచ్చాడు. 1854 జనవరి 1న తెల్లవారుతుండగా అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జ్యూయెట్ దొర, ఆయన భార్య, ముగ్గురు తెలుగు విశ్వాసులు అక్కడికెక్కి మోకరించారు. ఐదుగురే. అంతకు ముందు ఏడాదే ఈ తెలుగు మిషన్ మూసేద్దామా అని అమెరికాలో పెద్దలు చర్చించారు. ఒంగోలుకి మిషనరీగా క్లౌ దొర వచ్చింది పన్నెండేళ్ల తర్వాత, 1866లో. ఆ పొద్దున వాళ్లకి కింద ఊరు తప్ప ఏం కనబడి ఉంటుంది? అయినా ఒకరి పక్కన ఒకరు మోకరించారు.

విశ్వాసం తక్కువైంది కాబట్టే అల్లుడు లేవడం లేదని ఎవరో అన్నారట. ఆ మాట వింటే నాకు ఒళ్లు మండింది. బైబిల్లో కష్టాలు పడ్డ యోబుతో అతని స్నేహితులూ అలాగే మాట్లాడారు, దేవుడు వాళ్లని మందలించాడు. ఫిజియోథెరపీ మానొద్దు, బీపీ మాత్రలు ఆపొద్దు.

శనివారం సాయంత్రం బస్సుకి వస్తున్నాను. ఆ రాత్రి అల్లుణ్ణి నేను చూసుకుంటాను, నువ్వు లోపలి గదిలో పడుకో. నాకోసం వంట పెట్టుకోకు, పులిహోర తెస్తాను.

నీ మేనత్త