కోవళంలో సర్ఫింగ్‌కు వెళ్తున్నాం, బావిలో నేర్చిన ఈత సరిపోతుందా?

ప్రశ్న: మేం కడపలో డిగ్రీ కలిసి చదివిన ఆరుగురం. ఇప్పుడు ఉద్యోగాలు చేసుకుంటూ తలా ఒక ఊళ్లో ఉన్నాం. ఒక శని, ఆదివారం చూసుకొని చెన్నై దగ్గర కోవళం వెళ్లి సర్ఫింగ్ నేర్చుకోవాలని అనుకుంటున్నాం. శుక్రవారం రాత్రి అందరం కడపకు చేరి, కారులో బయల్దేరి, తెల్లారేసరికి సముద్రంలో దిగి, తర్వాత మహాబలిపురం చూసుకొని, చెన్నైలో షాపింగ్ చేసి ఆదివారం రాత్రికి తిరిగి రావాలని ప్లాన్. నలుగురికి బావిలో ఈత బాగా వచ్చు, ఇద్దరికి అస్సలు రాదు. వాళ్లను ఒడ్డున కూర్చోబెట్టాల్సిందేనా? ఈత వచ్చిన మాకు కోచ్ ఎందుకు, బోర్డు అద్దెకు తీసుకుంటే సరిపోదా?
– పాఠకుడు, ఎర్రముక్కపల్లె, కడప

జవాబు: వెళ్లండి, తప్పకుండా వెళ్లండి, ఉద్యోగాల్లో పడ్డాక ఆరుగురికీ ఒకేసారి రెండు రోజులు ఖాళీ దొరకడమే గొప్ప. ఈత రాని ఇద్దరి గురించి నాకంత భయం లేదు, వాళ్లు ఎలాగూ జాగ్రత్తగానే ఉంటారు. నా టెన్షన్ అంతా బావిలో ఈత నేర్చుకున్న మీ నలుగురి గురించే.

బావిలో నీళ్లు ఎక్కడికీ పోవు. అలిసిపోతే నాలుగు బారల్లో మెట్టు అందుతుంది. సముద్రంలో మీరు చెయ్యి ఆడించకపోయినా నీళ్లు మిమ్మల్ని జరుపుతూనే ఉంటాయి. ఒడ్డుకు వచ్చిపడిన అలల నీళ్లన్నీ మళ్లీ లోపలికి పోవాలి కదా, అవి కొన్నిచోట్ల ఇరుకైన దారి పట్టి వేగంగా లోపలికి పోతాయి, దీన్నే రిప్ కరెంట్ అంటారు. ఆ దారిలో అలలు పెద్దగా విరగవు. చుట్టూ తెల్లటి నురగ ఉన్నా అక్కడ మాత్రం నీళ్లు కాస్త నల్లగా, ప్రశాంతంగా కనిపిస్తాయి, దాంతో కొత్తవాళ్లు ఇక్కడ బాగుందని సరిగ్గా అక్కడే దిగుతారు. దాంట్లో చిక్కుకున్నప్పుడు ఒడ్డు వైపు ఎదురీదొద్దు, ఎంత గజ ఈతగాడైనా అలిసిపోతాడు, మునిగేది ఆ అలసటతోనే. వెల్లకిలా తేలుతూ చెయ్యి పైకెత్తి పిలవండి, ఓపిక ఉంటే ఒడ్డు వెంబడి పక్కకు ఈది, లాగుడు తగ్గాక అలలతో పాటే బయటికి రండి. ఈ సంగతి ఆరుగురికీ బయల్దేరకముందే చెప్పండి, అక్కడికెళ్లాక ఆ సంబరంలో ఎవరూ వినరు.

అందుకే కోచ్ కావాలి. ఆయన పని మిమ్మల్ని బోర్డు మీద నిలబెట్టడం ఒక్కటే కాదు, ఆ రోజు ఎక్కడ దిగాలి, అసలు దిగాలా వద్దా అనేది చెప్పేదీ ఆయనే. కోవళం మొదట్నుంచీ జాలరుల ఊరు, అక్కడ సర్ఫింగ్‌కు దారి వేసింది మూర్తి మేగవాన్ అనే మత్స్యకారుడు, ఇవాళ నేర్పేవాళ్లలో కూడా చాలామంది ఆ ఇళ్ల పిల్లలే. చిన్నప్పటి నుంచి ఆ నీళ్లు చూస్తున్నవాళ్ల మాట వినడానికి నామోషీ ఏమీ లేదు.

క్లాసు ముందు ఇసుక మీదే మొదలవుతుంది. బోర్డు మీద బోర్లా పడుకోవడం, చేతులతో తెడ్డేయడం, ఒక్క ఊపున లేచి నిలబడటం బాగా ప్రాక్టీసు చేయించాక నీళ్లలోకి తీసుకెళ్తారు. అదీ నడుము లోతు, మహా అయితే ఛాతీ లోతు, అప్పటికే విరిగి నురగగా వచ్చే అలల మీదే. కొత్తవాళ్లకు ఇచ్చేది పైన మెత్తగా ఉండే పొడవాటి ఫోమ్ బోర్డు, దాన్ని లీష్ అనే తాడుతో మీ కాలికి కట్టేస్తారు. కాబట్టి ఈత రాని ఇద్దరూ ఒడ్డున కూర్చోనక్కర్లేదు, బుక్ చేసేటప్పుడే ఆ మాట చెప్పి, లైఫ్ జాకెట్ ఇస్తారా, ఒక్కో కోచ్‌కు ఎంతమందిని అప్పగిస్తారు అని అడగండి. జవాబు సరిగ్గా రాకపోతే ఇంకో స్కూల్ చూసుకోండి. నీళ్లలో దెబ్బలు తగిలేది ఎక్కువగా సొంత బోర్డు వల్లే, అందుకని బోర్డును ఎప్పుడూ మీకూ వచ్చే అలకూ మధ్యలో పెట్టుకోవద్దు, పక్కన పట్టుకోండి. పడితే తలకిందులుగా కాకుండా ఒళ్లంతా పరిచి పడండి, పైకి తేలేటప్పుడు చేతులు తలకు అడ్డం పెట్టుకోండి.

ఇక మీ ప్లాన్. రాత్రంతా డ్రైవ్ చేసి తెల్లారి నేరుగా సముద్రంలో దిగడం నాకు ఏమాత్రం నచ్చలేదు. కడప నుంచి రాజంపేట, కోడూరు మీదుగా రేణిగుంట దాకా లారీల మధ్య నిద్రమబ్బుతో నడిపి, ఆ ఒంటితోనే అలల్లోకి పోతారా? కడప ముంబై–చెన్నై రైలు మార్గంలోనే ఉంది, టికెట్లు దొరికితే రైల్లో పడుకుని వెళ్లండి. కారే కావాలంటే శనివారం తెల్లవారుజామున బయల్దేరండి, సుమారు 300 కిలోమీటర్లు, చెన్నై సిటీలోకి పోకుండా వండలూరు, కేళంబాక్కం మీదుగా కోవళం చేరుకోవచ్చు. శనివారం సాయంత్రం ఊరు తిరిగి, త్వరగా పడుకుని, ఆదివారం పొద్దున్నే క్లాసు పెట్టుకోండి. పొద్దున గాలి తక్కువగా ఉండి అలలు శుభ్రంగా వస్తాయి, మధ్యాహ్నానికి సముద్రపు గాలి మొదలై నీళ్లన్నీ గందరగోళమవుతాయి. క్లాసుకు ముందు కారం దోసెలు వద్దు, బోర్డు మీద కడుపు ఆనించి పడుకోవాలి, అరటిపండు చాలు. చెన్నై షాపింగ్ తీసేయండి. మీ ఆరుగురూ కలవడానికి వెళ్తున్నారు, ట్రాఫిక్‌లో కూర్చోవడానికి కాదు.

అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా ఈశాన్య రుతుపవనాలు, తుఫాన్ల కాలం, కొత్తవాళ్లు అప్పుడు ఆ తీరానికి పోవద్దు. జనవరి నుంచి మార్చి దాకా అలలు చిన్నగా ఉంటాయి, నేర్చుకోవడానికి అదే బాగుంటుంది. రూము బుక్ చేసేటప్పుడు తమిళనాడు కోవళమేనా అని చూసుకోండి, కేరళలో తిరువనంతపురం పక్కన ఇంకో కోవళం ఉంది.

ఒక మాట మీరు అడగలేదు, అయినా చెప్తాను. గ్రూపులో తాగేవాళ్లుంటే, తాగినవాళ్లు నీళ్లలోకి దిగరు అని బయల్దేరకముందే అందరితో ఒప్పించండి. రాత్రి ఎక్కువ తాగినవాళ్లకు పొద్దున క్లాసు కూడా లేదు. ఎంత దగ్గరి స్నేహితుడైనా దీంట్లో మొహమాటం వద్దు.

ప్రశ్న: నాకు 34 ఏళ్లు. బెంగళూరులో ఉండే స్నేహితురాళ్లు మంగళూరు దగ్గర ముల్కికి సర్ఫింగ్‌కు రమ్మంటున్నారు. నేను కాస్త లావుగా ఉంటాను, నలుగురి ముందు ఎలాంటి బట్టలు వేసుకోవాలో తెలియడం లేదు. ఈ వయసులో ఎందుకు, నల్లబడిపోతావు అని ఇంట్లో అంటున్నారు.
– పాఠకురాలు, అనంతపురం

జవాబు: 34 ఒక వయసేనా అండీ! బట్టల గురించి భయపడకండి, సర్ఫింగ్‌కు ఒళ్లు కప్పే బట్టలే మంచివి. ఫుల్ హ్యాండ్స్ ఉన్న బిగుతైన లైక్రా టీషర్టు, దాన్ని రాష్ గార్డ్ అంటారు, కింద మడమల దాకా లెగ్గింగ్స్. బోర్డు రాసుకుని పొట్ట, మోకాళ్లు గీరుకుపోకుండా అవే కాపాడతాయి, ఎండకూ అడ్డం. కాటన్ చుడీదార్, చున్నీ మాత్రం వద్దు, తడిస్తే బరువెక్కి కిందికి లాగుతాయి. మొహానికి వాటర్‌ప్రూఫ్ సన్‌స్క్రీన్ పూసుకోండి. లావుకు తగ్గట్టు పెద్ద బోర్డు ఇస్తారు, అంతే తేడా. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా వానలకు పడమటి తీరంలో సముద్రం భయంకరంగా ఉంటుంది, ఆ నెలలు తప్పించి ఎప్పుడైనా వెళ్లండి. బెంగళూరు నుంచి రాత్రి బస్సుకు మంగళూరు, అక్కడి నుంచి ముల్కి సుమారు 30 కిలోమీటర్లు. మన దేశంలో సర్ఫింగ్ తొలిరోజుల్లోనే నేర్పడం మొదలైన ఊళ్లలో అదొకటి. ఇంట్లోవాళ్లకు స్కూల్ ఫోన్ నంబర్ ఇచ్చి, రోజూ సాయంత్రం ఒక ఫోన్ కొట్టండి.

ప్రశ్న: మా వాళ్లంతా కోవళంలో సర్ఫింగ్ అంటున్నారు. నాకు నీళ్లంటే భయం, ఆసక్తి కూడా లేదు. వెళ్తే బోరు కొడుతుందా?
– పాఠకుడు, కర్నూలు

జవాబు: కొట్టదు, వెళ్లండి. పొద్దున పడవలు ఒడ్డుకు వచ్చి వలలు దులిపే టైముకు బీచ్‌లో ఉండండి. సాయంత్రం అప్పటికప్పుడు వేయించిచ్చే వంజరం ముక్కలు వదలొద్దు. కొంచెం దక్షిణానికి పోతే మహాబలిపురం, పల్లవులు చెక్కించిన రథాలు, సముద్రం ఒడ్డున గుడి, 1984లో యునెస్కో జాబితాలో చేరినవి, మీ వాళ్లు బోర్డులతో కుస్తీ పడుతుంటే మీరు హాయిగా చూసి రావచ్చు. సర్ఫింగ్ చూడటానికీ బాగుంటుంది. 2025 ఆగస్టులో ఆసియా సర్ఫింగ్ పోటీలు మహాబలిపురంలోనే జరిగాయి, రమేశ్ బుదిహాళ్ కాంస్యం గెలిచారు, ఆ పోటీల్లో వ్యక్తిగత విభాగంలో మన దేశానికి అదే తొలి పతకం. స్నేహితులు బలవంతం చేసినా నీళ్లలోకి మాత్రం దిగకండి, భయంతో దిగితే బిగుసుకుపోతారు. ఫొటోలు, వీడియోలు తీసే పని మీరు పెట్టుకోండి, ఫోన్‌కు వాటర్‌ప్రూఫ్ కవరు ఒకటి కర్నూలులోనే కొనుక్కొని బయల్దేరండి.